అబద్ధమాడే రక్తపరీక్ష

2002లో వచ్చిన ‘ద థింగ్’ గేమ్ గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: అది తన కాలం కంటే ముందు వచ్చిన ఆట అని. ఆలోచన గొప్పదే గానీ అప్పటి కంప్యూటర్లకీ, ప్లేస్టేషన్ 2కీ అంత శక్తి లేదు, అందుకే అనుకున్నట్టు కుదరలేదు అని ఆ మాటకు అర్థం. 2024 డిసెంబర్‌లో నైట్‌డైవ్ స్టూడియోస్ దీన్ని రీమాస్టర్ చేసి, అంటే పాత ఆటకే కొత్త మెరుగులు దిద్ది, విడుదల చేసినప్పుడు మళ్ళీ అదే మాట చాలామంది నోట విన్నాను. రీమాస్టర్ ఆడి పూర్తి చేశాక నాకు ఆ మాట మింగుడు పడడం లేదు. ఆ ఆటకు తక్కువైంది యంత్రశక్తి కాదు. తాను పెట్టిన నియమాన్ని తానే చివరిదాకా పాటించే ధైర్యం తక్కువైంది. ఈ రెండూ వేర్వేరు లోపాలు. మొదటిదైతే కాలం దాన్ని సరిచేస్తుంది. రెండోది ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. ఇవాళ కొత్త గేమ్ తీసినా, ఎంత ఖర్చు పెట్టి తీసినా, అదే గోతిలో పడొచ్చు.

ముందే చెప్తున్నాను, ఈ ఆటంటే నాకు చాలా ఇష్టం. ఇష్టం లేని ఆట గురించైతే ఇంత రాసే ఓపిక ఎవరికీ ఉండదు.

భయపడడం తెలిసిన మనుషులు

ఈ ఆటకు మూలం జాన్ కార్పెంటర్ తీసిన ‘ద థింగ్’ సినిమా: అంటార్కిటికాలోని ఒక పరిశోధనా కేంద్రంలోకి, ఎవరి రూపాన్నైనా అచ్చంగా ఎత్తుకోగల గ్రహాంతర జీవి చొరబడుతుంది, ఎవరు మనిషో ఎవరు కాదో ఎవరికీ తెలియదు. ఆ సినిమా కథ జరిగిన తర్వాత ఆట మొదలవుతుంది. సినిమాలో తగలబడిపోయిన ఆ కేంద్రం, అవుట్‌పోస్ట్ 31కి కెప్టెన్ బ్లేక్ తన జట్టుతో వస్తాడు. మనం బ్లేక్. మనతోపాటు ఇద్దరో ముగ్గురో ఉంటారు: తుపాకీ బాగా పట్టగలిగిన సోల్జర్, గాయాలు మాన్పే మెడిక్, కరెంటు బాక్సులు బాగుచేసే ఇంజనీర్. ఇంతవరకూ జట్టును నడిపించే ఏ స్క్వాడ్ గేమ్‌లోనైనా ఉండేదే. తేడా ఏమిటంటే వీళ్ళు భయపడతారు. మనల్ని అనుమానిస్తారు కూడా. చేతికి తుపాకీ ఇస్తే నమ్మకం పెరుగుతుంది, లాక్కుంటే తరుగుతుంది. పొరపాటున వాళ్ళవైపు ఒక గుండు పేలిందా, మనమే ఆ జీవి అయ్యుంటామని ముఖం తిప్పేసుకుంటారు.

ఒక దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఒక చిన్న గది, లైట్లు లేవు, నేలంతా రక్తం, గోడ పక్కన ఒక శవం. నాతో ఉన్న మెడిక్ గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. పిలిస్తే రాలేదు. ఒంగొని వాంతి చేసుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి, తుపాకీ గొట్టం ఎటు చూస్తోందో అతనికే తెలియడం లేదు. ఇలాంటప్పుడు అడ్రినలిన్ సూది ఇచ్చి నిలబెట్టొచ్చు, కానీ నా దగ్గర సూదులు లేవు. అతన్ని వెనక్కి, లైటున్న వసారాలోకి తీసుకెళ్ళి, అక్కడే ఉండమని చెప్పి, ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళాను. కావలసిన సామాన్లు తీసుకుని తిరిగొచ్చేసరికి కాస్త తేరుకున్నాడు. కథలో ఈ సంఘటనకు చోటే లేదు. ఎవరూ రాసిపెట్టిన సీను కాదు. చీకటి, రక్తం, శవం అనే మూడు కారణాలు ఒకచోట చేరాయి, ఒక మనిషి తట్టుకోలేకపోయాడు, అంతే. ఆ తర్వాత ఆ మెడిక్‌ని నేను మామూలుగా ఆటలో వచ్చే బొమ్మలా చూడలేకపోయాను.

ఈ భయం ముదిరితే ఇంకా దారుణంగా ఉంటుంది. బిగుసుకుపోతారు, ఎదురుగా ఎవరున్నదీ చూడకుండా కాల్చేస్తారు, కొందరు తమనే కాల్చుకుంటారు. ఇదేదో వింతగా ఉండాలని పెట్టింది కాదు, సినిమాను శ్రద్ధగా చూసి తీసుకున్నది. 1982 నాటి సినిమాలో రేడియో చూసుకునే విండోస్ అనే కుర్రాడు గుర్తున్నాడు కదా. ఎవరు మనిషో, ఎవరు ఆ జీవో తేల్చే రక్తపరీక్షలో అందరికంటే ముందు మనిషేనని తేలినవాడు. అందుకే చేతికి మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోవర్ ఇచ్చారు. తీరా వాళ్ళలోనే ఒకడైన పామర్ ఆ జీవిగా మారిపోయినప్పుడు, సినిమా హీరో మెక్‌రెడీ ఆయుధం పనిచేయక, కాల్చు కాల్చు అని అరుస్తుంటే, విండోస్ కదల్లేదు. మనిషని తేలడం వేరు, ఆ క్షణంలో నిలబడగలగడం వేరు. మనతో ఉన్నవాడు శత్రువు కాకపోయినా మనల్ని చంపగలడు, ఉత్త భయంతోనే. ఆట తయారుచేసినవాళ్ళు ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని ఒక వ్యవస్థగా మార్చారు. సినిమాను గేమ్‌గా తీయడమంటే ఇదీ అని నాకు అనిపించింది. సినిమాలోని సీన్లను మళ్ళీ ఆడించడం కాదు, ఆ సీన్లు ఏ కారణాల వల్ల పుట్టాయో ఆ కారణాలను ఆటలో పెట్టడం.

2002లో ఇంత చేయగలిగినవాళ్ళకు శక్తి చాల్లేదంటే నేనెలా ఒప్పుకోగలను?

సూది, ఆ తర్వాతి తలుపు

ఇక రక్తపరీక్ష దగ్గరికి వద్దాం. ఆటలో పరీక్ష కిట్లు దొరుకుతాయి, చాలా తక్కువగా. ఎవరిమీదైనా వాడొచ్చు. మన మీద మనమే వాడుకుని, చూడండి నేను మనిషినే అని నిరూపించుకోవచ్చు కూడా. అలా నిరూపించుకుంటే వాళ్ళకు మన మీద నమ్మకం పెరుగుతుంది. ఈ చివరిది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అన్ని ఆటల్లోనూ హీరో ఎవరన్నది ముందే ఖాయం. ఇక్కడ హీరో కూడా జబ్బ చాపి సూది గుచ్చుకోవాలి.

ఒకచోట నాతో ఉన్న సోల్జర్ మీద నాకు అనుమానం వచ్చింది. కారణం పెద్దదేం కాదు, కాసేపు ఒంటరిగా ఉన్నాడు. మిగిలిన కిట్ అతని మీద వాడాను. ఏమీ కాలేదు, మనిషే. ఊపిరి పీల్చుకుని, నా దగ్గరున్న షాట్‌గన్ అతని చేతికిచ్చాను, తూటాలు సగం పంచాను. ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళి ఒక తలుపు దాటాం. దాటగానే అతని తల వెనక్కి విరిగింది, ఒళ్ళు చీలింది, థింగ్‌గా మారిపోయాడు. మధ్యలో మా మీద ఏదీ దాడి చేయలేదు. అతను నా కళ్ళముందు నుంచి పక్కకు పోలేదు. పరీక్షకూ తలుపుకూ మధ్య ఒక నిమిషం కూడా లేదు.

సంగతేమిటంటే, ఆ తలుపు దగ్గర అతను మారాలని ముందే రాసిపెట్టారు. పరీక్ష ఏం చెప్పినా, మనం ఏం చేసినా, అక్కడికి చేరగానే మారతాడు. ఈ ఆటలో ఇలాంటి చోట్లు చాలానే ఉన్నాయి. పాత ఆట ఆడినవాళ్ళందరికీ ఇది తెలిసిన విషయమే, కొత్తగా నేను బయటపెడుతున్నది కాదు. దీన్ని చాలామంది చిన్న లోపంగా, పక్కన పెట్టదగ్గ మచ్చగా చూస్తారు. నా ఉద్దేశంలో ఇది మచ్చ కాదు. ఆట మొత్తం దేనిమీద నిలబడిందో అదే ఇక్కడ కూలిపోయింది.

ఎందుకో చెప్తాను. సినిమాలో ఆ రక్తపరీక్ష సీను మనల్ని ఎందుకు అంతగా బిగపట్టుకునేలా చేస్తుంది? ఆ జీవి ఎప్పుడు ఎగిరి పడుతుందోనని అనుకుంటాం. కానీ అసలు సంగతి, ఆ సీనులో నియమం చాలా స్పష్టంగా ఉంది. ఆ జీవిలోని ప్రతి ముక్కా విడిగా ఒక ప్రాణి, కాల్చిన తీగ తగిలితే తనను తాను కాపాడుకోవడానికి రక్తం కూడా పారిపోతుంది అని మెక్‌రెడీ ముందే చెప్తాడు. చెప్పాక సినిమా ఆ నియమాన్ని ఒక్కసారి కూడా తప్పదు. మనకు తెలియనిది ఎవరన్నది మాత్రమే. పరీక్ష నిజం చెప్తుందా లేదా అన్నది మన సందేహమే కాదు. ఆ నిజాయితీ వల్లే ఒక్కొక్క గాజు గిన్నె దగ్గరికి తీగ వెళ్తున్నప్పుడు మన ప్రాణం గొంతులోకి వస్తుంది.

ఇంకో విషయం. పరీక్ష మొదలయ్యే ముందే, తన మీదికి వచ్చిన తోటి ఉద్యోగి క్లార్క్‌ని మెక్‌రెడీ కాల్చి చంపేశాడు. తర్వాత క్లార్క్ రక్తాన్నీ పరీక్షిస్తే అతను మనిషేనని తేలింది. అప్పుడు వాళ్ళలో ఇంకొకడైన చైల్డ్స్, అంటే నువ్వు హంతకుడివన్నమాట అని మెక్‌రెడీ ముఖం మీదే అంటాడు. ఆ మాటకు బరువు ఎక్కడినుంచి వచ్చింది? పరీక్ష నిజం కాబట్టి వచ్చింది. పరీక్ష ఏదో ఒకటి చెప్తుందిలే అనుకుంటే క్లార్క్ చావుకు అర్థం లేదు, మెక్‌రెడీ తప్పుకూ అర్థం లేదు. నిజం తెలుసుకునే దారి ఒకటి ఉన్నప్పుడే, ఆ దారి తొక్కకుండా చేసిన పని తప్పవుతుంది.

ఆటలో నేను ఎవరినైనా అనుమానంతో కాల్చేస్తే, అది తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేరు. అతను ముందున్న తలుపు దగ్గర మారాల్సినవాడా, కాదా అన్నదొక్కటే లెక్క. అది నాకూ అతనికీ సంబంధించిన విషయం కాదు, తలుపుకు సంబంధించిన విషయం.

‘అదే కదా భయం’ అనేవాళ్ళకు

దీనికి ఒక గట్టి జవాబు ఉంది, నా స్నేహితుడొకడు నాతో గంటసేపు వాదించాడు కూడా. ఆయన అనేది ఇది: హారర్‌లో ఏదీ నమ్మలేకపోవడమే కదా కావలసింది? పరీక్ష కూడా మోసం చేస్తే ఇంకా భయం వేయాలి గానీ కోపం ఎందుకు? పైగా సినిమాలో కూడా ఒక పరీక్ష విఫలమైంది కదా.

నిజమే, విఫలమైంది. డాక్టర్ కాపర్ మొదట వేరే పరీక్ష చేద్దామంటాడు, నిల్వ ఉంచిన రక్తంతో కలిపి చూద్దామని. తీరా ఫ్రిజ్ తెరిస్తే రక్తం సంచులన్నీ ఎవరో కోసేశారు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. తాళం ఎవరి దగ్గర ఉంది? కేంద్రం అధికారి గ్యారీ దగ్గర. దాన్ని ఎవరు తీసుకోగలరు? కాపర్. మరి ఎవరు చేశారు? అందరూ ఒకరి మీద ఒకరు విరుచుకుపడతారు, గ్యారీ తన అధికారం వదులుకుంటాడు. ఆ పరీక్ష చెడిపోయినందుకు ఒక కారణం ఉంది, చెడగొట్టిన చెయ్యి ఒకటి ఉంది. దాన్నుంచి పది ప్రశ్నలు పుట్టాయి. నమ్మలేకపోవడం అంటే ఇదీ.

ఆటలో నా సోల్జర్ తలుపు దాటి మారిపోయినప్పుడు నా మనసులో ఏ ప్రశ్నా పుట్టలేదు. ఎక్కడ అంటుకుంది, ఎప్పుడు అంటుకుంది, మిగిలినవాళ్ళలో ఇంకెవరికి అంటుకునుంటుంది అని నేను ఆలోచించలేదు. ఓహో, ఇక్కడ రాసిపెట్టారన్నమాట అనుకున్నాను. భయపడాల్సిన చోట ఆట తయారీ గుర్తొచ్చింది. హారర్‌కు అంతకంటే నష్టం ఏముంటుంది?

పరీక్ష అయిన తర్వాత కూడా అంటుకోవచ్చు కదా అని నా స్నేహితుడు మరో మాట అన్నాడు. అది చక్కటి వాదన, దాన్ని కొట్టిపారేయలేను. నిజానికి ఆట అలా చేసి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. థింగ్ చేతిలో దెబ్బ తిన్నవాడికి అంటుకోవచ్చు అన్న ఆలోచన ఆటలో ఉంది. దెబ్బ తిన్నవాణ్ణి చూసి నేను అనుమానపడ్డాను, ఆ అనుమానం బాగుంది, దానికి ఆధారం ఉంది. పరీక్ష చేసిన క్షణానికి మాత్రమే ఆ ఫలితం చెల్లుతుంది, ఆ తర్వాత చీకట్లో ఒంటరిగా వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది అని ఆట నాకు నేర్పి ఉంటే, నేను ప్రతి ఒక్కరి కదలికనూ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసేవాణ్ణి. అలాంటి అనిశ్చితిలో కారణం ఉంటుంది. ఈ తలుపులో కారణం లేదు.

తమ్ముడు కనిపెట్టిన ఉపాయం

మా తమ్ముడు ఇదే ఆట నా తర్వాత ఆడాడు. వాడు నాకంటే తెలివైన ఆటగాడు, ఆటను ఓడించడానికి ఆడతాడు. ఈ గేమ్‌లో టేప్ రికార్డర్ల దగ్గర సేవ్ చేసుకోవాలి. వాడు రికార్డర్ కనిపించగానే సేవ్ చేసి, ఉన్న కిట్లన్నీ అందరి మీదా వాడేసి, ఫలితం చూసుకుని, మళ్ళీ లోడ్ చేసుకునేవాడు. కిట్లు మిగిలాయి, సమాచారమూ దొరికింది. ఇది కాస్త అన్యాయం అని నేనంటే, గేమ్ ఒప్పుకుంటే నాకేం అన్నాడు.

అలా పరీక్షించి, మనిషేనని తేలిన ఇంజనీర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ ఇంజనీర్ కాసేపటికి మారిపోయాడు. తమ్ముడు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని కొంచెంసేపు స్క్రీన్ వైపు చూశాడు. ఆ తర్వాత వాడు ఒక్క కిట్ కూడా వాడలేదు. తుపాకులు పంచడం కూడా మానేశాడు. ఎవరైనా పక్కన చేరితే పనికొచ్చినంతవరకు వాడుకుని, పని కాగానే ఏదో ఒక గదిలో నిలబెట్టేసి వెళ్ళిపోయేవాడు. ఏం చేసినా మారేవాడు మారతాడు, మారనివాడు మారడు, అలాంటప్పుడు ఎందుకు బుర్ర పాడుచేసుకోవడం అని వాడి లెక్క. ఆ లెక్క సరైనదే, నేను కాదనలేకపోయాను. ఒక ఆట తన ఆటగాడికి ఇలాంటి లెక్క సరైనదని నిరూపించిందంటే, ఆ ఆటలోని నమ్మకం, భయం, రక్తపరీక్ష అన్నీ గోడకు వేలాడదీసిన పటాలే.

దీనికి తోడు ఇంకో దెబ్బ ఉంది. ఒక దశ ముగిసేసరికి మనతో ఉన్నవాళ్ళు చాలావరకు ఏదో ఒక రకంగా తప్పుకుంటారు. తర్వాతి దశలో కొత్త ముఖాలు. నేను వసారాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టిన ఆ మెడిక్ కూడా అంతే, ఎక్కడికి పోయాడో తెలియదు. నమ్మకం అనేది కాలంతో పండాల్సిన విషయం. ఒకడితో పది గండాలు దాటాక వాడి మీద అనుమానం వస్తే అప్పుడు గుండె పట్టేస్తుంది. పావుగంట క్రితం పరిచయమైనవాడి మీద అనుమానం వస్తే ఏముంది, కాల్చేస్తాం. సినిమాలో ఉన్నది పన్నెండు మంది, బయటినుంచి కొత్తవాళ్ళు ఎవరూ రారు. చలికాలమంతా ఒకే కప్పు కింద ఉండాల్సినవాళ్ళు. ఒక్కొక్కరు తగ్గుతున్నకొద్దీ మిగిలినవాళ్ళ మీద బరువు పెరుగుతుంది. ఆటలో ఆ లెక్క తలకిందులైంది, ఎందరు పోయినా ఇంకొకరు దొరుకుతారు.

ఇంజనీర్ చస్తే తలుపెవరు తీస్తారు

ఇక్కడ నాకు నిజంగానే సందేహం ఉంది, దాన్ని దాటవేయను. ఈ ఆటను తయారుచేసిన కంప్యూటర్ ఆర్ట్‌వర్క్స్ వాళ్ళు మూర్ఖులు కాదు. ఇంత మంచి ఆలోచన చేసినవాళ్ళు దాన్ని ఎందుకు తాళ్ళతో కట్టేశారు? ఊహించడం కష్టం కాదు. మామూలు కరెంటు బాక్సును బ్లేక్ కూడా బాగుచేయగలడు, క్లిష్టమైనదైతే ఇంజనీర్ కావాలి. ఆ ఇంజనీర్ ఎక్కడో తన ఖర్మాన మారిపోతే, లేదా భయంతో తనను కాల్చుకుంటే, తలుపు తెరుచుకోదు. తలుపు తెరుచుకోకపోతే కథ లేదు. డబ్బు పెట్టి కొన్నవాడు మధ్యలో ఇరుక్కుపోయి తిట్టుకుంటాడు. కాబట్టి ఎవరు ఎప్పుడు మారాలో కొన్నిచోట్లయినా మేమే నిర్ణయిద్దాం అనుకుని ఉంటారు. కథ రాసేవాళ్ళకు కూడా కొన్ని ఉలికిపాట్లు గ్యారంటీగా కావాలి. అందరూ ఒకే చోట ఉలిక్కిపడితేనే ఆ ఆట గురించి నలుగురూ మాట్లాడుకుంటారు.

ఈ ఇబ్బంది నిజమైనదే. కానీ దీనికి దారి లేదా? ఇంజనీర్ లేకపోతే తలుపు తెరుచుకోకూడదు అని రాసిందెవరు? అది కూడా వాళ్ళు పెట్టిన నియమమే. ఇంజనీర్ పోతే పొడవైన దారి ఒకటి ఉండొచ్చు, బయట మంచులోంచి వెళ్ళే దారి. ఈ ఆటలో బయట చలి మీటర్ ఒకటుంది, ఎక్కువసేపు మంచులో ఉంటే అది ఖాళీ అయి ఆ తర్వాత ప్రాణం తగ్గడం మొదలవుతుంది. ఎంత చక్కగా కుదురుతుందో చూడండి: ఇంజనీర్‌ను కాపాడుకుంటే లోపలి దారి, పోగొట్టుకుంటే చలిలో పరుగు. అవసరమైన వస్తువులన్నీ ఆటలోనే ఉన్నాయి. దీనికి కొత్త తరం కంప్యూటర్ ఏమీ అక్కర్లేదు, 2002 నాటి డబ్బా చాలు. కావలసిందల్లా, ఆటగాడు తన తప్పుల ఫలితం అనుభవించనీ, అతని కథ పక్కవాడి కథలా లేకపోయినా ఫరవాలేదు అనే తెగింపు.

రాసిపెట్టిన ఉలికిపాట్లు కావాలంటే దానికీ ఉపాయం ఉంది. తలుపు దగ్గర ఎవరో ఒకరు మారాలి అని రాసుకోవచ్చు, ఎవరన్నది మాత్రం ఆటలో జరిగినదాన్ని బట్టి తేల్చాలి. ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరు దెబ్బ తిన్నారు, ఎవరిని పరీక్షించలేదు. అందరూ పరీక్షలో నెగ్గి, ఎవరూ ఒంటరిగా తిరగలేదంటే ఆ తలుపు దగ్గర ఏమీ జరగకూడదు. నేను తలుపు తెరిచి, వెనక్కి తిరిగి ముగ్గురినీ చూసి, ఏమీ జరగక, ఆ ఏమీ జరగకపోవడాన్ని నమ్మలేక నిలబడాలి. జాగ్రత్తగా ఆడినందుకు దక్కే బహుమతి అది. నన్నడిగితే ఎన్ని ఉలికిపాట్లకైనా అది సమానం.

మనుషులే ఆడితే సరిపోతుందా

ఇప్పుడు కొందరు, ఈ చర్చ ఎప్పుడో ముగిసిపోయింది అంటారు. ‘అమాంగ్ అస్’ వచ్చాక, మన మధ్య ఎవరు మారువేషంలో ఉన్నారో కనిపెట్టే ఆట ప్రపంచమంతా ఆడేసింది. అక్కడ మోసం చేసేది ప్రోగ్రామ్ కాదు, నిజమైన మనిషి. రాసిపెట్టిన తలుపు గొడవే లేదు. ఈ మాటలో సగం ఒప్పుకుంటాను. అనుమానం పుట్టించడంలో మనిషిని మించిన యంత్రం లేదు. 2018లో ఒక చిన్న బృందం చేసిన ఆట ఆ పని అలవోకగా చేసింది, అక్కడ నియమాలు నిజాయితీగా ఉండడం వల్లే చేయగలిగింది. మారువేషంలో ఉన్న ఇంపోస్టర్ అబద్ధం చెప్తాడు, ఆట చెప్పదు. నేను పైన వాదిస్తున్నది కూడా సరిగ్గా ఇదే.

కానీ మిగతా సగం ఒప్పుకోలేను. ఆ ఆటలో ఎవరూ భయపడరు, నవ్వుకుంటారు. దొరికిపోయినవాడు కూడా నవ్వుతాడు. చీకటి గదిలో వణికే మెడిక్ అక్కడ ఉండడు, ఎందుకంటే నిజమైన ఆటగాడు శవాన్ని చూసి వాంతి చేసుకోడు. మనం ఒకరి భయానికి బాధ్యత వహించడం, వాణ్ణి సముదాయించడం, చేతిలో ఉన్న ఒక్క సూదీ వాడికే ఇవ్వాలా అని తర్జనభర్జన పడడం, ఇవన్నీ ప్రోగ్రామ్ నడిపే పాత్రలతోనే సాధ్యం. ఈమధ్య 2023లో వచ్చిన ‘ఏలియన్స్: డార్క్ డిసెంట్’ ఈ దారిలో కొంత దూరం వెళ్ళింది. అదీ సినిమా వరుస నుంచి వచ్చిన స్క్వాడ్ గేమే. జట్టులోవాళ్ళకు ఒత్తిడి పెరుగుతుంది, తట్టుకోలేకపోతే గురి తప్పుతుంది, చనిపోయినవాడు మళ్ళీ రాడు. బతికినవాళ్ళు తర్వాతి మిషన్‌కు కూడా ఉంటారు. అందుకే అక్కడ ఒకరిని పోగొట్టుకుంటే నిజంగా బాధేస్తుంది. కానీ అక్కడ శత్రువు ఎవరన్నదానిలో అనుమానం లేదు, గోడలమీద పాకుతూ వచ్చేదే శత్రువు. భయమూ, నష్టమూ ఉన్నాయి, లోపలి అనుమానం లేదు. ఆ మూడూ కలిసిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ‘ద థింగ్’ ఆ చోటును వేలు పెట్టి చూపించింది, కాలు మాత్రం మోపలేదు.

రీమాస్టర్ తర్వాత

ఆట రెండో సగం గురించి ఎక్కువ చెప్పను. ఒక కంపెనీ కుట్ర, కర్నల్ విట్లీ, ఆయన సైనికులు, ఎడతెగని కాల్పులు. మనుషుల్ని కాల్చడం మొదలయ్యాక ఆ మంచుకూ ఆ జీవికీ పని తగ్గిపోయింది. చివర్లో హెలికాప్టర్ నడుపుతూ మెక్‌రెడీ కనిపించడం చాలామందికి సంతోషం కలిగించిందట. నాకు మాత్రం నచ్చలేదు. సినిమా చివర్లో మంట పక్కన కూర్చున్న మెక్‌రెడీ, చైల్డ్స్ ఇద్దరిలో ఎవరు మనుషులో తెలియకపోవడమే ఆ సినిమాకు ప్రాణం. చైల్డ్స్ శవాన్ని మొదట్లోనే చూపించి, మెక్‌రెడీని చివర్లో తెచ్చి, ఆట ఆ ప్రశ్నను రెండువైపులా మూసేసింది. జవాబు తెలియని ప్రశ్నను భరించలేకపోవడం ఈ ఆట స్వభావంలోనే ఉందనిపిస్తుంది. తలుపు దగ్గర చేసిందీ అదే.

2003లో కంప్యూటర్ ఆర్ట్‌వర్క్స్ మూతపడింది, అనుకున్న రెండో భాగం ఆగిపోయింది. ఆ బృందానికి ఇంకో అవకాశం దొరికి ఉంటే ఈ లోపాన్ని వాళ్ళే సరిదిద్దేవాళ్ళేమో. దొరక్కపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. నైట్‌డైవ్ వాళ్ళు పాత ఆటను ఎంతో గౌరవంతో మళ్ళీ నిలబెట్టారు, వెలుతురు, ముఖాలు, కదలికలు అన్నీ బాగుపడ్డాయి, ఈనాటి యంత్రాల మీద హాయిగా నడుస్తోంది. వాళ్ళ పని మరమ్మత్తు, కొత్త ఆట కట్టడం కాదు. కాబట్టి నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు.

ఎవరైనా ఈ సినిమాను మళ్ళీ గేమ్‌గా తీయాలనుకుంటే గ్రాఫిక్స్ ఎంత బాగున్నాయని నేను అడగను. జీవి ఎన్ని రకాలుగా చీలుతుందనీ అడగను, ఆ పనిలో సినిమాను మించడం ఎలాగూ కష్టం. ఒక్కటే పరీక్ష పెడతాను. మొదటి కిట్ దొరకగానే పక్కనున్నవాడి మీద వాడతాను, మనిషేనని తేలితే చేతికి తుపాకీ ఇస్తాను, కళ్ళముందు నుంచి పోనివ్వకుండా వెంటబెట్టుకుని తర్వాతి తలుపు దాటతాను. ఆ తలుపు దగ్గర అతను మనిషిగానే మిగిలితే, ఆ ఆటను రాత్రంతా కూర్చునైనా పూర్తి చేస్తాను.